లెచ్చెలో తిన్నది, కలిమెరలో విన్నది

మేము ఇటలీ పోయొచ్చినాక చుట్టాలందరూ అడిగింది ఒకటే మాట. "ఆడ ఏం తిన్నారు? అమ్మకి తినేదానికి ఏమన్నా దొరికిందా?" ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పి చెప్పి అలిసిపోయి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాము. రోము, వెనిసు గురించి చెప్పేవాళ్ళు శానామంది ఉన్నారు. మేము చెప్పేది ఇటలీ పటంలో మడమ ఉండే చోట ఉన్న లెచ్చె అనే పాత ఊరి గురించి, దాని పక్కనే ఉన్న కలిమెర అనే చిన్న ఊరి గురించి. తిండి చూద్దామనే పోయినాము. తిండి బాగానే దొరికింది. దాంతోపాటు మన ఇంటి సంగతి ఒకటి ఆడ కనపడింది. అది కూడా చెప్పాలి.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మే నెలలో బారీ అనే ఊళ్ళో ఒక క్లయింటు దగ్గర మూడు వారాల పని పడింది. మా టికెట్టు, రూము ఆఫీసువాళ్ళవే కాబట్టి, మిగతా ఖర్చు మేము పెట్టుకుని అమ్మని, పాపని కూడా తీసుకుపోయినాము. నాయన పోయినప్పటి నుంచి అమ్మ మాంసం, గుడ్డు ముట్టదని మీకు తెలుసు. పాపకి ఏడేళ్ళు. అమ్మ సంచిలో రాగిపిండి, పప్పులపొడి, ఊరుమిరపకాయలు. మూడు వారాలకి సరిపడా కట్టుకొచ్చింది.

బారీలోనే అమ్మకి ధైర్యం వచ్చేసింది. పాతపేటలో ఒక సందు ఉంది. ఆడోళ్ళు ఇంటి ముందర బల్లలు వేసుకుని ఒరెక్కియెత్తె చేస్తా ఉంటారు. గోధుమరవ్వ పిండి, నీళ్ళు, అంతే. గుడ్డు వెయ్యరు. పిండిని తాడు మాదిరి చేసి, చిన్న చిన్న ముక్కలు కోసి, మొండి చాకుతో ఒక్కో ముక్కని బల్ల మీద ఈడ్చి, బొటనవేలి మీద తిప్పేస్తారు. చిన్న చెవి మాదిరి వస్తుంది. పేరుకి అర్థం కూడా చిన్న చెవులనే. అమ్మ పది నిమిషాలు నిలబడి చూసి, "మనం గవ్వలు చేసినట్టే చేస్తారే, వీళ్ళకి బెల్లం పాకం ఒకటి తెలీదు" అంది.

శనివారం పొద్దున్నే బారీ నుంచి లెచ్చెకి రైలెక్కినాము. నూటయాభై కిలోమీటర్ల దారి. బ్రిండిసి దాటినాక రెండు పక్కలా ఆలివ్ తోటలే. కానీ వాటిలో శానా తోటలు బూడిద రంగులో ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. 2013లో గల్లిపోలి అనే ఊరి పక్కన క్సైలెల్లా అనే బాక్టీరియా మొదట కనపడిందంట. ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. నీళ్ళు పారే గొట్టాలు మూసుకుపోయి చెట్టు నిలబడే ఎండిపోతుంది. అట్లా లక్షల చెట్లు పోయినాయి. తాతల కాలం నాటి చెట్లు, వందల ఏళ్ళవి. కొన్నిచోట్ల తెగులుని తట్టుకునే కొత్త రకాలు నాటినారు. ఎండిన చెరువులు, వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని బోర్లు చూసిన కోలారు సీమవాళ్ళం కదా, అమ్మకి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. "ఈళ్ళకీ కష్టకాలమే" అని ఊరుకుంది.

లెచ్చెలో దిగేసరికి పన్నెండున్నర. రూములో సామాన్లు పెట్టి బయటికి వచ్చేసరికి అంగళ్ళన్నీ మూసేస్తున్నారు. పోయేవాళ్ళెవరైనా ఉంటే గుర్తు పెట్టుకోండి: మధ్యాహ్నం ఒంటిగంట దాటితే అయిదు దాకా ఊరు పడుకుంటుంది. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు ఎవరూ పెట్టరు. తెరిచి ఉన్నది ఒక్క కాఫీ బారు. అక్కడ రుస్తికో దొరికింది. పొరలు పొరలుగా ఉండే గుండ్రటి పఫ్ లోపల చీజు, టమాటా, పాలూ మైదాతో చేసిన తెల్ల సాసు, మిరియాలు. మన బేకరీ పఫ్ తిన్నవాళ్ళకి కొత్తేమీ కాదు. నూరిన మిరియాల ఘాటు మాత్రం నాలిక్కి బాగా తగిలింది. పాప రెండు తినింది. మేము కాఫీలో ఐసు, బాదంపాలు పోసిచ్చేది తాగినాము. ఆ ఎండకి అది సరిగ్గా సరిపోయింది.

ఊరంతా ఒకే రంగు. తేనె రంగు సున్నపురాయి. లెచ్చె రాయి అనే దాన్ని పిలుస్తారు. గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే ఈ ఊరి శిల్పులు రాతి మీద వెన్న మీద చెక్కినట్టు చెక్కినారు. సాంతా క్రోచె అనే చర్చి 1549లో మొదలుపెట్టి 1695లో ముగించినారు. దాని ముఖం మీద పండ్లు, పూలు, మృగాలు, బరువు మోసే మనుషులు, దేవదూతలు. ఒక్క జానెడు ఖాళీ కనపడదు. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్ళం. బేలూరు, హళేబీడు గుళ్ళు బళపద కల్లుతో కట్టినారని, అది మొదట మెత్తగా ఉండి తర్వాత గట్టిపడుతుందని బళ్ళో చెప్పినారు. మనం చెప్పే బలపం రాయి. నాలుగైదు వేల మైళ్ళ దూరంలో అదే గుణం ఉన్న రాయి, అదే మాదిరి పని. ఊరి మధ్య పెద్ద చౌకులో రోమన్ల కాలపు ఆంఫిథియేటరు కొంత మాత్రమే తవ్వి ఉంది. మిగతా దాని మీద ఊరు నడుస్తా ఉంది.

రాత్రి ఎనిమిదికి ఒక చిన్న హోటలుకి పోయినాము. పది బల్లలుంటాయేమో. అమ్మ తినగలిగేవి ఏవో అడిగితే రెండు చెప్పినారు. మొదటిది ఫావె ఎ చికోరియా. ఫావె అంటే మన అనపగింజ కంటే పెద్దగా, చదునుగా ఉండే గింజ. ఎండబెట్టి పొట్టు తీసిన గింజలని నానబెట్టి, సన్న సెగ మీద ఉడికించి, కట్టెగరిటెతో మెత్తగా మెదుపుతారు. పాతకాలంలో అయితే పిన్యాతా అనే మట్టికుండలో, పొయ్యి పక్కన పెట్టి, గంటల తరబడి ఉడికించేవాళ్ళు. పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా పోస్తారు. పక్కన చికోరియా అనే చేదు ఆకుకూర ఉడికించి పెడతారు. తాలింపు లేదు, కారం లేదు. చేదూ తీపీ కలిసి నోట్లో నిలబడతాయి. అమ్మ ఒక ముద్ద తిని, "ఇది ఎనిపిన పప్పే కదా! తిరగవాత పెట్టడం మర్చిపోయినారు" అంది. సంచిలో నుంచి ఊరుమిరపకాయ తీసి నంజుకుంది. తట్టలో చిన్న మెతుకంత కూడా మిగల్చలేదు.

రెండోది చీచెరి ఎ త్రియా. చీచెరి అంటే శనగలు. గోధుమరవ్వ పిండి పట్టీలు కోసి, మూడో వంతు నూనెలో కరకరలాడేటట్టు వేయించి, మిగతావి ఉడికించి, అన్నీ శనగల్లో కలుపుతారు. ఒకే తట్టలో మెత్తనిదీ, కరకరమనేదీ. మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండుగకి ఊళ్ళల్లో ఇది చేసి బల్లల మీద పెట్టి అందరికీ పెడతారంట. మాకు బాగా పట్టుకున్నది ఆ "త్రియా" అనే మాట. అది ఇటాలియన్ మాట కాదు. అరబ్బీలో ఇత్రియా అంటే పిండితో చేసి ఎండబెట్టిన సేవల్లాంటిది. పన్నెండో శతాబ్దంలో అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు సిసిలీలో ఇత్రియా ఎక్కువగా చేసి ఊళ్ళకి పంపేవాళ్ళని రాసినాడు. ఇప్పుడు లెచ్చెలో ఇంట్లో అరబ్బీ మాట్లాడే పాతకాపులెవరూ లేరు. ఆ ఒక్క మాట మాత్రం తట్టలో మిగిలింది. అప్పుడు దాన్ని వింతగా అనుకుని తిన్నాము. మరుసటి రోజు దాని బరువు తెలిసింది.

ఈ తిండినంతా వాళ్ళు పేదల వంట అంటారు. మాంసం కొనలేని రైతులు, కూలివాళ్ళు గింజల మీద, ఆకుల మీద బతికిన కాలంలో పుట్టిన వంట. ఫ్రీసా అని ఇంకొకటుంది: రెండుసార్లు కాల్చి రాయి మాదిరి చేసిన బార్లీ రొట్టె. నెలలు నిలవుంటుంది. నీళ్ళల్లో ముంచి, టమాటా రుద్ది, ఉప్పు, నూనె వేసుకుని తినాలి. చేనికి పోయేవాళ్ళు, సముద్రం మీదికి పోయేవాళ్ళు కట్టుకుపోయేదంట. ఇప్పుడది హోటళ్ళలో టూరిస్టుల కోసం పూలు పెట్టి ఇస్తున్నారు. మన రాగిముద్ద బెంగళూరు హోటళ్ళలో స్పెషల్ అయిపోయినట్టే.

ఇంకొక జాగ్రత్త. లెచ్చెలో పొద్దున కాఫీతో పస్తిచ్చొత్తో అని తింటారు. కోలగా ఉండే చిన్న తీపి కజ్జికాయ లాంటిది, లోపల కస్టర్డు. పక్కనే ఉన్న గలాటినా ఊళ్ళో 1745లో పుట్టిందని చెప్పుకుంటారు. వేడివేడిగా తింటే శానా బాగుంటుంది. కానీ దాని పిండిలో వెన్న బదులు పందికొవ్వు వాడేది పాత పద్ధతి, కస్టర్డులో గుడ్డు ఎట్లాగూ ఉంటుంది. శాకాహారులు అడిగి తినాలి. అమ్మకి ఆ పొద్దున రొట్టె, టమాటా, కాఫీ.

ఆదివారం బస్సులో కలిమెరకి పోయినాము. లెచ్చె నుంచి అరగంట పైచిలుకు. పేరు చూసే పోయినాము. గ్రీకులో కలిమెర అంటే శుభోదయం. ఈ చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళల్లో తరతరాలుగా గ్రీకు మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళ గ్రీకుని గ్రికో అంటారు. చుట్టూ ఇటాలియన్, మధ్యలో వీళ్ళు. ఎప్పుడు వచ్చినారు అంటే రెండు మాటలున్నాయి. క్రీస్తుకి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందర వచ్చి దిగిన పాత గ్రీకుల వారసులే అని జర్మన్ భాషా పండితుడు గెర్హార్డ్ రోల్ఫ్స్ వాదించినాడు. కాదు, 1071లో బారీ నార్మన్ల చేతికి పోకముందు ఇక్కడ బైజాంటియం పాలన ఉన్నప్పుడు వచ్చినవాళ్ళు అని ఇటలీ పండితులు అన్నారు. మన ఇంట్లో కూడా ఇదే వాదం కదా. విజయనగరం రాయల కాలంలో వచ్చినామని పెద్దతాత, కాదు 1876 నాటి పెద్ద కరువులో ఎద్దులు తోలుకుని వచ్చినామని చిన్నతాత. ఇద్దరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఇదే గొడవ.

కలిమెర పార్కులో ఒక పాత గ్రీకు సమాధి రాయి ఉంది. ఏథెన్సు నగరం వాళ్ళు కానుకగా ఇచ్చింది. ఆ రాయిని పలకరిస్తూ గ్రికోలో ఒక మాట చెక్కి పెట్టినారు. ఈ కలిమెరలో నువ్వు పరాయిదానివి కావు అని దానర్థం. చెక్కింది మాత్రం ఇటాలియన్ వాళ్ళు రాసే లాటిన్ అక్షరాల్లో. గ్రికోని గ్రీకు లిపిలో రాయడం ఇక్కడ వాడుకలో లేదు. ఆ సంగతి విని మేము ఆడనే కాసేపు నిలబడినాము. అమ్మ వంటల నోటుబుక్కు తెలుగు మాటలతో, కన్నడ అక్షరాలతో ఉంటుంది. మన ఇంట్లో కైవారం తాతయ్య తత్త్వాల పుస్తకం కూడా అంతే, తెలుగు పాటలు కన్నడ లిపిలో. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఇరవై అయిదేళ్ళు దాటినాక, ఫోన్లో చూసి. ఇప్పుడు మీరు చదివేది కూడా ఆ చదువుతోనే రాసింది.

మధ్యాహ్నం భోజనానికి ఒక ఇంటి హోటలు దొరికింది. యాభై దాటిన ఒక ఆమె నడుపుతుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని వాళ్ళమ్మ, ఎనభై పైనే ఉంటాయి, పచ్చి ఫావె కాయలు ఒలుస్తా ఉంది. అమ్మ ఆగిపోయింది. ఒక్క మాట అడగకుండా పక్కనున్న మోడా మీద కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. ఆ ముసలామె చూసింది, ఏమీ అనలేదు, బుట్టని మధ్యలోకి జరిపింది. అమ్మ ఒక గింజ తీసి, గోటితో గిల్లి, వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పొట్టులో నుంచి పప్పు టపుక్కున బయటికి దూకింది. మన పితికిపప్పుకి అనపగింజలు పితికినట్టే. ముసలామె పకపకా నవ్వింది. ఆమె కూడా ఒకటి పితికి చూపించింది. పాప మధ్యలో కూర్చుని పొట్టు లెక్కపెట్టింది.

కొంతసేపటికి ముసలామె కూజా వైపు చెయ్యి చూపించి, "నెరో" అంది.

"నీరే కదా! ఈమెకి తెలుగొచ్చు!" అంది అమ్మ.

గ్రికోలో నెరో అంటే నిజంగానే నీళ్ళు. పాత గ్రీకులో తాజా నీళ్ళు అనే మాట నుంచి వచ్చిందది. మన నీరుకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, ఊరికే కుదిరింది. అమ్మకి ఇది చెప్తే నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.

హోటలామెకి కొంచెం ఇంగ్లీషు వచ్చు. భోజనం అయినాక వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మా, వాళ్ళవ్వా గ్రికోలోనే మాట్లాడుకునేవాళ్ళంట. పిల్లలతో మాత్రం ఇటాలియనే. బళ్ళో వెనకబడతారని, పల్లెటూరి వాళ్ళని నవ్వుతారని. "మాకు అర్థమవుతుంది, మాట్లాడలేము. అమ్మ గ్రికోలో అడిగితే మేము ఇటాలియన్లో జవాబు చెప్తాము" అంది. వాళ్ళబ్బాయికి రెండు పాటలు వచ్చునంట. 1999లో ఇటలీ ప్రభుత్వం చట్టం చేసి పన్నెండు అల్పసంఖ్యాక భాషల్ని గుర్తించింది. వాటిలో గ్రీకు ఒకటి. ఊళ్ళో రైతుల వస్తువులూ గ్రికో సంగతులూ పెట్టిన చిన్న మ్యూజియం ఉంది. వీధి పలకల మీద గ్రికో ఉంది. "ఇంట్లోనే లేదు" అందామె.

అమ్మ మాతో అడిగించింది: ఈ వంటని మీ భాషలో ఏమంటారు? హోటలామె ఇటాలియన్ పేరు చెప్పి, ఆగి, వాకిట్లోకి తిరిగి వాళ్ళమ్మని అడిగింది. ముసలామె ఒక మాట చెప్పింది. ఈమె పలికింది. ముసలామె తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పింది. రోజూ వండే వంట. ముప్పై ఏళ్ళుగా ఆమె చేతి మీద నడిచే వంట. రుచి ఎక్కడా తగ్గలేదు. పేరు మాత్రం వాకిట్లో ఉన్న ముసలామెని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

మేము ఇన్నేళ్ళూ ఒక ధైర్యంతో ఉన్నాము. సంక్రాంతికి పితికిపప్పు చేస్తున్నాము, ఉగాదికి ఓళిగలు చేస్తున్నాము, ఇంట్లో రాగిముద్ద ఉంది, కాబట్టి మనది ఏదీ పోదు అని. కలిమెరలో చూసింది దానికి ఎదురు. తిండి తన కాళ్ళ మీద తాను బతుకుతుంది. నాలుక అడుగుతుంది కాబట్టి ఎవరో ఒకరు వండుతారు. భాషని నాలుక అట్లా అడగదు. వంట పూర్తిగా మిగిలి, దాని చుట్టూ ఉన్న మాటలన్నీ ఖాళీ అయిపోవచ్చు. చివరికి త్రియా మాదిరి ఒక్క మాట తట్టలో మిగులుతుంది, దాన్ని తెచ్చిన మనుషుల గురుతు కూడా ఉండదు.

మన వంటింట్లో చూడండి. అమ్మ రుబ్బుతుంది, నూరుతుంది, దంచుతుంది, విసురుతుంది. పిండికొకటి, పచ్చడికొకటి, కారానికొకటి, రాగులకొకటి. నాలుగు పనులు, నాలుగు మాటలు. మిక్సీ వచ్చినాక మాకు అన్నీ "మిక్సీకి వేయడం" అయినాయి. పాపకి అన్నీ "గ్రైండ్". ఎనపడం, వార్చడం, చెరగడం, పితకడం కూడా అదే దారిలో ఉన్నాయి. బళ్ళో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు మనకి అన్నం పెట్టినాయి. వాటి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మేము కన్నడలో చదివిన కథలే ఈ పొద్దు మా బుర్రలో ఉన్నాయి. కన్నడ ఉన్నందుకు తెలుగు పోవాల్సిన పని లేదు, అంతే.

తిరిగి బస్సులో వస్తా ఉంటే పాప అడిగింది: "అవ్వా, ఆ అజ్జి మాటలు వాళ్ళ కూతురికి ఎందుకు రావు?" అడిగింది కన్నడలో. అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. దానికి పాప మళ్ళీ కన్నడలో ఇంకోటి అడిగింది. మేము మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ విన్నాము.

ఊరికి వచ్చినాక చేసింది ఒకటే. అమ్మ వంట చేసేటప్పుడు పాపని పక్కన నిలబెట్టి, చేసే పనికి పేరు చెప్పిస్తున్నాము. ఆ మాటలు ఒక నోటుబుక్కులో రాస్తున్నాము. ఇప్పటికి నలభై దాటినాయి. పోయిన వారం పాప తనంతట తానే "అవ్వా, ఈ పప్పు ఎనిపేదా?" అని అడిగింది.

వచ్చే సంక్రాంతికి శ్రీనివాసపురం ఇంట్లో అందరం కలుస్తాము కదా. అనపకాయల కాలం. పిల్లలందర్నీ కింద కూర్చోబెట్టి పితికిద్దాము. ఆలోగా మీ మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వాడే వంటింటి మాటలు, గిన్నెల పేర్లు, ఆకుకూరల పేర్లు రాసి పంపండి. తెలుగు అక్షరాలు రాకపోతే కన్నడలో రాయండి. చదువుకుంటాము.